మొదటి నీళ్ళు ఎవరిచ్చారు?

మా సోషల్ మాస్టారు పోయారన్న సంగతి నాకు కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. వరసగా దణ్ణాలు, "ఓం శాంతి"లు. వాటి మధ్యలోనే ఎవరో ఇవాళ బోరు మోటారు ఎన్నింటికి వేస్తారని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెంటనే వచ్చింది. మాస్టారు ఎలా పోయారని మాత్రం ఎవరూ అడగలేదు.

పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే అంటారు. మాస్టారు మంచివారని నేననను. నోరు కత్తి. తెలివితక్కువ జవాబు చెప్పినవాణ్ణి క్లాసంతా నవ్వేలా చేసి గానీ కూర్చోనిచ్చేవారు కాదు. నన్నూ ఏడిపించారు. అయినా చదువు చెప్పినవాళ్ళందరిలో ఈ రోజుకీ నాకు పనికొస్తున్న మాట ఆయన చెప్పిందే. అందుకే ఇది రాస్తున్నాను.

తొమ్మిదో తరగతిలో అమెరికా పాఠం. గుడారపు బండ్లు కట్టుకుని పడమరకు వెళ్ళిన జనం, మనిషి జాడ లేని మైదానాలు, ఒంటిచేత్తో అడవిని గెలిచిన వీరులు. కౌబాయ్ సినిమాలు చూసిన మగపిల్లలకు పండగే. ఒకడు లేచి లేని టోపీ సవరించుకుని, లేని తుపాకీ పేల్చాడు. మాస్టారు వాణ్ణి అలాగే నిలబెట్టేశారు.

"ఏటిరా, ఆ టోపీవోడు ఒక్కడే వొచ్చినాడా? ఆడి ముందర సైన్యం నేదా? ఆడికి భూమి రాసిచ్చిన సర్కారు నేదా? దాహమేసి ఆడు తాగిన నీళ్ళు ఎవులి సెలమలోవి?"

వాడు లేని తుపాకీ దించేశాడు.

"ఖాళీ నేల అని ఎవులైనా అంటే, ఖాళీ సేయించింది ఎవులో ముందు అడగండి," అన్నారు. తర్వాత ఇంటిపని ఇచ్చారు. మీ నాన్న ఈ కాలనీకి వచ్చిన కొత్తలో తాగిన మొదటి నీళ్ళు ఎవరిచ్చారో కనుక్కుని రండి. అంతే.

మా కాలనీ మధురవాడలో ఇప్పుడు అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కుపోయి ఉంది. పోర్టు ఉద్యోగాలకని కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మా నాన్నలాంటివాళ్ళు సొసైటీ పెట్టుకుని ఇళ్ళు కట్టుకున్నప్పుడు మాత్రం చుట్టూ కొండ, తుప్పలు. ఏటా కాలనీ పుట్టినరోజు చేసి, తొలితరం వాళ్ళకి శాలువాలు కప్పుతారు. నాన్న మైకు పట్టుకుని నక్కల కూతలు, చేతుల్లో దిగిన ముళ్ళు, తాను కర్రతో కొట్టి చంపిన నాగుపామును వర్ణిస్తాడు. ఆ పాము ఏటికేడాది ఒక మూర పెరుగుతోంది. ఆ కథలో మేం తప్ప ఇంకో మనిషి ఉండడు.

ఆ సాయంత్రం నేనడిగితే నాన్న ఆలోచించకుండానే చెప్పేశాడు.

"ఎవరో ముసలావిడ. కుండతో తెచ్చి పోసేది. ఇక్కడో నాలుగు గుడిసెలుండేవిలే." అంతలోనే ఆగి, "అయినా ఎవరడగమన్నారు నిన్ను?" అన్నాడు.

మర్నాడు క్లాసులో కొందరు ట్యాంకరన్నారు, కొందరు బోరన్నారు, ఇంకొందరు తమ నాన్నే నుయ్యి తవ్వుకున్నాడన్నారు. నేను ముసలావిడ గురించి చెప్పాను. నాలుగు గుడిసెలన్న మాట కూడా చెప్పాను. మాస్టారు చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టారు.

"నాలుగు గుడిసెలు కాదు, ఊరు. ఆ ముసల్ది మా యమ్మ," అన్నారు. "పట్టాలు నేవని ఊరు మొత్తం లేపీసినారు. మా యమ్మ అప్పటికే మట్టిలో ఉంది. దాన్ని లేపలేకపోనారు."

ఎవరూ నవ్వలేదు. ఆయన నన్ను, "కూకో," అని కసిరారు.

వారం తిరక్కుండా తల్లిదండ్రులు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళారు. ముందు నడిచింది మా నాన్నే. పిల్లల బుర్రలు పాడుచేస్తున్నాడట. పుస్తకంలో ఉన్నది మాత్రమే చెప్పాలని మాస్టారికి తాకీదొచ్చింది. ఆయన దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. "రాసుకోండి. అక్కడ ఎవులూ నేరు. ఇక్కడా ఎవులూ నేరు. పరీక్షలో ఇదే రాయండి, మార్కులొస్తాయి," అన్నారు. మేం తలొంచుకుని రాసుకున్నాం.

రిటైరయ్యాక కూడా ఆయన ఈ కాలనీలోనే, ఒకరి మేడ మీద వాటాలో అద్దెకున్నారు. ఆ మేడ కింద నేలలో ఒకప్పుడు వాళ్ళ నాన్న చోళ్ళు పండించాడట. ఇంత చేదు మింగుతూ ఇక్కడే ఎందుకుండటం, ఇంకెక్కడికైనా పోవచ్చు కదా మాస్టారూ అంటే, "నానేటి కొత్తగా వొచ్చినోడినా, పోడానికి?" అనేవారు.

పొద్దున్నే పార్కులో నడిచేవారు. బాడ్మింటన్ కోర్టు దాటగానే ఒకచోట చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, కొంత దూరం వట్టి కాళ్ళతో నడిచి, మళ్ళీ వేసుకునేవారు. ఇది చూసి కాలనీ పెద్దలు అదేదో షుగరుకి వైద్యమనుకున్నారు. అక్కడి మట్టిలో ఏదో గుణం ఉందని తేల్చారు. కొన్నాళ్ళకి నడకకొచ్చిన ప్రతివాళ్ళూ అక్కడికి రాగానే చెప్పులు విప్పడం మొదలుపెట్టారు. మా నాన్న మాత్రం ఆ వైపుకే వెళ్ళేవాడు కాదు. ఆయనకు షుగరు లేదు కదా, అందుకనుకున్నాను.

ఒకరోజు అసలు సంగతేమిటని మాస్టారినే అడిగాను. అది వాళ్ళ ఊరి శ్మశానమట. వాళ్ళల్లో పూడ్చడమే ఆచారం. సరిగ్గా ఆ చోటే వాళ్ళమ్మ ఉంది. వీళ్ళందరికీ చెప్పేయనా అన్నాను.

"ఊరుకో పాపా. షుగరు కోసమైనా మా యమ్మ కాడ సెప్పులిప్పుతన్నారు," అని నవ్వారు. అంత కసిగా నవ్వే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

చివరి రోజుల్లో కూతురితో ఆయన చెప్పిన కోరిక ఒకటే. తనను అమ్మ పక్కన పెట్టమని. శవాన్ని ఐసు పెట్టెలో ఉంచి ఆమె మా ఇంటికి వచ్చింది. కాలనీ సంఘానికి నాన్న ఇప్పటికీ గౌరవాధ్యక్షుడు. ఆయన ఊ అంటే కాదనేవారు లేరు.

"అంకుల్, ఓ మూల సాలు. సమాధి గట్టు కూడా కట్టం. గడ్డి మళ్ళీ అలాగే పరిసీత్తాం," అంది.

"పిల్లలాడుకునే చోట శవాన్ని పెడతామా అమ్మా? అది పార్కు," అన్నాడు నాన్న.

"మా నానమ్మ అక్కడే ఉంది అంకుల్."

"దానికి ఆధారం ఏముంది?"

"నువ్వు తాగిన నీళ్ళే ఆధారం నాన్నా," అన్నాను నేను. నాన్న నా వైపు చూడకుండా టీవీ సౌండు పెంచాడు.

మధ్యాహ్నానికి వ్యాను వచ్చి మాస్టారిని ఎక్కడో దూరపు శ్మశానానికి తీసుకుపోయింది. నేనూ వెళ్ళాను. అటూ ఇటూ ఆయనకు బొత్తిగా తెలియనివాళ్ళ సమాధులు. అన్నం పెట్టి పెంచిన నాన్న మీద అసహ్యం కలగడం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

తర్వాతి ఆదివారం సంతాపసభ. ఎవరూ లేని ఈ నేలను ఊరుగా మార్చిన తొలితరంలో మాస్టారూ ఒకరని నాన్న మైకులో చెప్పాడు. ఆఖరికి ఆయన నెత్తినా ఆ కౌబాయ్ టోపీ పెట్టేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. వాకింగ్ ట్రాకుకి ఆయన పేరు పెట్టాలనీ, ఆయన నడిచిన చోటే నల్లరాతి ఫలకం నిలబెట్టాలనీ తీర్మానించారు.

ఫలకం పాతేరోజు మాస్టారి కూతుర్ని పిలిచి శాలువా కప్పారు. ఆయనకివ్వని గొయ్యి ఆయన పేరుకిచ్చారు. కూలీ గునపంతో తవ్వుతుంటే నాన్న పక్కనే నిలబడి చూస్తున్నాడు. కాస్త లోతుకి పోయేసరికి మట్టి రంగు మారింది. గునపానికి ఏదో గట్టిగా తగిలింది. కూలీ వంగి తీయబోయాడు.

"చాలు, ఇంక లోతుకెళ్ళకు," అన్నాడు నాన్న.

"ఇంకో అడుగు తవ్వాల బాబూ. నేకపోతే బండ నిలబడదు."

"నిలబడకపోతే పోయింది. సిమెంటు పోసెయ్."

నాన్న తనే కాలితో మట్టిని గోతిలోకి తోశాడు. ఊరిని చదును చేసిన రోజు ఆయన ఇక్కడే ఉన్నాడనీ, కింద ఏముందో ఆయనకు మొదటినుంచీ తెలుసనీ, అందుకే ఇటు నడిచేవాడు కాదనీ నాకప్పుడు అర్థమైంది.

కూలీ సిమెంటు పోశాడు. రాయి ఒక పక్కకు ఒరిగింది. గట్టిపడేదాకా ఎవరైనా పట్టుకోవాలన్నాడు. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, టిఫిన్ల బల్ల వైపు కదిలారు. మాస్టారి కూతురు శాలువా తీసి నా చేతికిచ్చి, ఆ రాయిని రెండు చేతులా పట్టుకుని ఎండలో నిలబడింది.