పప్పు ఉడకని నీళ్లు

మా అత్త ఆళ్లగడ్డ పక్క పల్లె నుంచి నంద్యాలకు, మా ఇంటికి వచ్చేసిన కొత్తలో ఒకరోజు అన్నాల దగ్గర ఒక మాట పడింది. మా ఆయన కంచంలో పప్పును వేలితో కదిపి, "అమ్మా, నీ చేయి తప్పింది" అన్నాడు. కందిపప్పు బద్దలు బద్దలుగానే ఉంది. ఆయన నవ్వుతూ అన్నాడు గానీ ఆమె నవ్వలేదు. వాళ్ల ఊళ్లో పెళ్లిళ్లకు పప్పు వండాలంటే ఈమెనే పిలిచేవాళ్లు.

"నా చేయి కాదు, మీ నీళ్లు బాగలేవు. మా బాయి నీళ్లయితే వెన్న మాదిరి ఉడుకుతుంది."

"వయసైపోయినాక అందరూ నీళ్లనే అంటారులే" అన్నాడాయన. ఆమె చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. కఠిన జలంలో పప్పు ఉడకదని పిల్లలకు ఏటా చెప్పేదే. నా వంటింట్లో మాత్రం ఎన్నడూ పెట్టి చూడలేదు. "అత్తా, తప్పు నీళ్లదో నీదో చూద్దాం" అన్నాను.

ఆదివారం బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా వాళ్ల ఊరికి పోయి క్యాను నిండా బావి నీళ్లు తెచ్చాను. కుక్కరు పక్కన పెట్టేశాను. ఒకే డబ్బాలోని పప్పు, ఒకే కొలత, ఒకేలాంటి గిన్నెలు రెండు, మంటలూ ఒకే తీరు. ఏ గిన్నెలో ఏ నీళ్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. రెండూ ఒకేసారి దించాక మా ఆయన చేతికి పప్పుగుత్తి ఇచ్చాను. ఒక గిన్నెలో పప్పు గుత్తి తగలగానే మెదిగింది. రెండోదాంట్లో బద్దలు గుత్తి కింద నుంచి జారిపోతూనే ఉన్నాయి. మెదిగింది బావి నీళ్లది.

మరునాడు రెండు నీళ్లనూ కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లాను. మా బోరు నీళ్లు ఎరుపు నుంచి నీలానికి తిరగడానికి కాఠిన్యం కొలిచే ద్రావణాన్ని బ్యూరెట్‌లోంచి వదులుతూనే ఉండాల్సి వచ్చింది. బావి నీళ్లు తొందరగానే తిరిగాయి.

ఇంటికొచ్చి చెప్పాను. "బోరు నీళ్లలో సున్నంలాంటి లవణాలెక్కువ అత్తా. అవి పప్పును మెత్తబడనీయవు. నీ చేయి తప్పలేదు."

ఆమె కొడుకు వైపు తిరిగి "ఇన్నావా?" అంది. ఆ పూట నాచేత మారు వడ్డింపించుకుని తినింది.

అక్కడితో ఆపి ఉంటే హాయిగా ఉండేది. బావి నీళ్లు రోజూ తేలేం కదా అని ఫిల్టరు ప్లాంటు నీళ్లతో వండాను. పప్పు బాగానే ఉడికింది. ఆమె తిని, "ఉడికింది. రుచి ల్యా" అంది.

"ఆ రుచి నీ మనసులో ఉందత్తా."

"మనసులో ఉందని నీకెట్ల తెలుసు? పప్పుకైతే పెట్టి చూసినావు. దీనికి చూసినావా?"

చూడలేదు. మళ్లీ ఊరికి పోయి నీళ్లు తెచ్చాను. ఈసారి గ్లాసుల్లో బావి నీళ్లూ ప్లాంటు నీళ్లూ మా ఆయన పోశాడు, ఏది ఏదో నాకూ తెలియకుండా. ఆమె ఒక్కో గుక్క తాగి అవి ఏ నీళ్లో చెప్పింది. కొన్ని సరిగ్గా చెప్పింది, కొన్ని తప్పు చెప్పింది. నేననుకున్నదే నిజమని లేవబోయాను.

"పొద్దున ఆకూవక్క నమిలినా. మళ్లా పెట్టు" అంది.

సాకు చెబుతోందనుకున్నాను. కానీ ఫ్లాస్కు కడగకుండా టైట్రేషన్ చేసిన పిల్లలను మళ్లీ చేయమనేది నేనే కదా. తరువాతి ఆదివారం పరగడుపున పెట్టాను. ఎక్కువే సరిగ్గా చెప్పింది, అన్నీ కాదు. ఆ పై వారం మళ్లీ తగ్గింది. ఊహించి చెప్పడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. "ఇది నాకు తెలీడంల్యా. తెలీదనే రాసుకో" అనేది.

"ఇంతకీ తేలిందేందీ?" అన్నాడు మా ఆయన.

"ఉడికే సంగతి తేలింది. రుచి సంగతి తేలలేదు."

"ఇన్ని వారాలు చేసి తేలలేదంటే ఎట్ల?"

నాకూ అది మింగుడుపడలేదు. లవణాలను కొలవగలను. ఆమె నాలుకకు తెలుస్తున్నదాంట్లో నీళ్లదెంతో, ఆ ఊళ్లో గడిచిన ఏళ్లదెంతో విడదీసే దారి మాత్రం నాకు దొరకలేదు. అలాగని వదిలేయదలచుకోలేదు. మా అత్త అసలే వదిలేలా లేదు.

ఆ రోజుల్లోనే పక్కింటావిడ మహానంది గుడి గుండం నీళ్లు సీసాలో తెచ్చింది. "ఇవి తాగినప్పట్నుంచి మోకాళ్ల నొప్పులు తగ్గుతాండాయక్కా."

మా అత్త ఆ నీళ్లు తలమీద చల్లుకుని దండం పెట్టుకుంది. తరువాత అడిగింది: "తాగినాక తగ్గింది, సరే. మానేసి చూసినావా?"

పక్కింటావిడ నా వైపు తిరిగింది. "సైన్సు చెప్తావు గదమ్మా, నువ్వు చెప్పు."

"నాకు తెలీదు చిన్నమ్మా. నీళ్లలో ఏముందో చూడగలను. నీ మోకాలి సంగతి ఊరికే చెప్పలేను."

"అంత చదివి తెలీదంటే ఎట్లమ్మా?"

"తెలీంది తెలీదనే చెప్పింది గదా" అంది మా అత్త. "నెల తాగు, నెల మాను. నొప్పి ఎట్లుందో రోజూ పొద్దున నాకొచ్చి చెప్పు."

పక్కింటావిడ నిజంగానే చెప్పింది. తాగిన నెలంతా మా గేటు దగ్గర నిలబడి, ఈరోజు మేలు, ఈరోజు పట్టేసింది అని చెప్పి పోయేది. మానాల్సిన నెల మొదలైన కొద్దిరోజులకే కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చింది. "మానలేకపోతాండా అక్కా. భయమేస్తాంది."

ఇన్నాళ్లూ పట్టుబట్టిన మా అత్త ఆమెను ఒక్క మాటా అనలేదు. చేయి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది.

"తాగు. నిన్నెవురూ మానమనరు. కానీ వీటితోనే తగ్గిందని ఇంగొకరికి చెప్పగాకు. అది మనకింకా తెలీదు."