బుద్రి దగ్గర దాచిన కథ

2022 నవంబరు. అరకు కొండల్లో పీహెచ్‌సీని ఆనుకుని ఉన్న గర్భిణుల వసతి గృహంలో నేను స్టాఫ్ నర్సుని. దారిలేని ఊళ్ళ ఆడవాళ్ళని ఈడీడీకి, అంటే కాన్పు రావలసిన తేదీకి, రెండు వారాల ముందే తెచ్చి అక్కడ ఉంచుతాం. రెండో నర్సు సెలవులో ఉంది. పదమూడు మందికి నేనొక్కదాన్నే. మందులివ్వడం కంటే, వాళ్ళు ఇంటికి వెళ్ళిపోకుండా ఆపడమే కష్టం.

అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక కథలు చదివేదాన్ని. మా నాన్న బీరువాలోని లావుపాటి సంపుటి, పాతకాలం పెద్ద రచయితలవన్నీ ఉన్నాయందులో. నిజం చెప్పాలంటే, నా కాళ్ళకి ఆ కాసేపే విశ్రాంతి.

బుద్రి హై రిస్క్ కేసు. నాలుగో కాన్పు, హిమోగ్లోబిన్ ఏడే. చదువు రాదు కానీ, కథ వింటూ రెప్ప వేసేది కాదు.

ఒకరోజు ముందుగా చూసుకోకుండా ఒక కథ మొదలెట్టాను. చివరికొచ్చేసరికి అందులో కడుపుతో ఉన్న పిల్ల పురిట్లో చనిపోతోంది. చుట్టూ అందరూ నిండు చూలాళ్ళు. పుస్తకం మీంచి చూపు తీసి, "తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు" అని ముగించేశాను.

"సిస్టరమ్మా, ఇంకా కాయితాలున్నాయి కదా?" అంది బుద్రి.

"అది వేరే కథ" అన్నాను.

మర్నాడు పొద్దున్న ఆమె మంచం ఖాళీ.

వార్డుని ఏఎన్ఎమ్‌కి అప్పగించి, ఆశా వర్కరుని వెంటబెట్టుకుని కొండెక్కాను. రెండు గంటల నడక. కోప్పడే ఓపిక కూడా మిగల్లేదు. బుద్రి వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది.

"కతలో గుంట సచ్చిపోనాది కదా?" తలెత్తకుండా అడిగింది. "నాకూ అదే ఔతాదని దాసినావు. సచ్చేదాన్ని నా పిల్లల కాడే సస్తాను."

గడప మీద కూలబడ్డాను. "అవును, చనిపోయింది."

"ఏటై సచ్చిపోనాది?"

"రక్తం ఆగలేదు. ఆపేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు."

"నీకాడ ఉన్నారా?"

"మందుంది. పెద్దాసుపత్రికి పంపడానికి బండి ఉంది. అయినా తప్పకుండా బతుకుతావని మాటివ్వలేను, బుద్రీ."

బుద్రి చేట పక్కన పెట్టి, "ఆ ముక్క నిన్న సెప్పుంటే ఈ కొండ ఎక్కేదాన్నా?" అంటూ లేచింది.

మాతో కొండ దిగి వచ్చిన పదకొండో రోజు కాన్పయింది. ఆడపిల్ల. వెంటనే పీపీహెచ్ వచ్చింది, అంటే కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం. ఇంజక్షన్లు చేస్తూ, పొత్తికడుపు మర్దన చేస్తూ అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం.

"ఆగినాదా?" అని దారిలో అడిగింది.

ఆగింది అనే మాట నోటిదాకా వచ్చింది. "ఇంకా లేదు. ఆపుతున్నాం" అన్నాను.

తలూపి నా చెయ్యి పట్టుకుంది. బతికింది.

ధైర్యం చెప్పడమంటే మంచి మాటలు చెప్పడమేనని అన్నేళ్ళూ అనుకున్నాను. ప్రమాదమేమిటో, దానికి మనం చేయగలిగిందేమిటో రెండూ కలిపి చెప్పమని ఇప్పుడు కొత్త నర్సులకి చెబుతున్నాను. ఆ రోజు గడప మీద నిజం చెప్పింది తెలివి ఉండి కాదు, ఇంకో అబద్ధం అల్లే ఓపిక లేక. ఆ సంగతి కూడా వాళ్ళ దగ్గర దాచను.