నూనె ట్యాంకు మీద బావాబావమరుదులు

నేను చెప్పినదాంట్లో సగం తీసేసి వినడం మా మలికిపురంలో అందరికీ అలవాటు. ఇందులో మాత్రం తీసెయ్యడానికేమీ లేదు. ఆ రోజు కారిన రక్తం నా చొక్కా మీద కూడా పడింది.

నేను కొబ్బరినూనె కొని చిల్లర కొట్లకు వేస్తుంటాను. ధనుర్మాసంలో ఒక ఉదయం డబ్బాలు నింపుకుందామని మిల్లుకు వెళ్ళాను. మిల్లు ఒకాయనది, నడిపేది ఆయన భార్య తమ్ముడు; ఊరందరికీ వాళ్ళు బావగారూ, బావమరిదీనే. ఆ ఏడే బావగారు నూనె ట్యాంకుకు సెన్సారు పెట్టించారు. ట్యాంకు అడుగున బయటికి వేలంత సన్న గొట్టం, దాని చివర సెన్సారు. పైన నూనె ఎంత ఎత్తుంటే అడుగున అంత ఒత్తిడి పడుతుందట. దాన్నిబట్టి ఎన్ని లీటర్లున్నాయో గోడమీది పెట్టెలో అంకె వెలుగుతుంది. బావగారు పొద్దున్నే దేవుడి పటానికన్నా ముందు ఆ అంకెకు దండం పెట్టేవారు.

ఆ పొద్దున అంకె పాతాళంలో ఉంది. సాయంత్రం నిండుగా ఉన్న ట్యాంకు తెల్లారేసరికి అడుగంటిందంటోంది పెట్టె. తాళం చెవి ఉండేది బావమరిది దగ్గరే. దొంగన్న పేరు పడితే అతన్ని మరో మిల్లు గడప తొక్కనివ్వరు.

మా వైపు తన్నుకునేటప్పుడు కూడా మర్యాద తప్పం. "నూనంతా ఎక్కడికి తోలేసేరండీ?" అంటూనే బావగారు కొలకర్ర తీసి అతని వీపు మీద వేశారు. ట్యాంకులో లోతు చూసే వెదురు కర్ర అది. ఒక్క దెబ్బకే రెండు ముక్కలైంది. నూనె ఉందో లేదో కొలిచి చూడ్డానికి మిగిలిన ఒక్క దారీ అలా పోయింది. రెండో దెబ్బ ఆ ముక్కతోనే. నుదురు చిట్లింది. నేను మధ్యలోకి దూకాను, విడదీద్దామని కాదు, నా డబ్బాలు తొక్కేస్తున్నారని.

చప్పుడుకి అక్కగారు పరిగెత్తుకొచ్చి తమ్ముడికి అడ్డం నిలబడింది. బావగారు ఆవిణ్ణి ఒక్క తోపు తోస్తే కొబ్బరిచిప్పల కుప్ప మీద పడింది. అంతవరకూ దెబ్బలు కాచుకుంటున్న బావమరిది అప్పుడు చెయ్యెత్తాడు. బావగారి ముక్కు అదిరింది. ఆయన కాయలొలిచే గునపాన్ని నేలలోంచి పెకలించారు.

బావమరిది నిచ్చెనెక్కాడు. రెండు నిలువుల ట్యాంకు అది. పైన మూత తెరిచి, "రండి బావగారూ, మీ కళ్ళతోనే చూడండి" అన్నాడు. ఆయన ఎక్కారు గాని చూడలేదు. "ఖాళీ ట్యాంకులో చూసేదేంటండీ," అని గునపం అడ్డంగా పెట్టి లోపలికి నెట్టేశారు.

అడుగు రేకుకు తల పగిలే చప్పుడు వినలేక నేను చెవులు మూసుకున్నాను. తీరా చూస్తే మూతలోంచి భుజాలూ తలా పైకే ఉన్నాయి. నడుం దాకా దిగి నిలబడిపోయాడు.

ట్యాంకు నిండా నూనే. చలికి నెయ్యిలా పేరుకుపోయింది. అడుగు గొట్టంలోది బిరడాలా బిగుసుకుని, పైనున్న బరువు సెన్సారుకు అందలేదు. కొబ్బరినూనె చలికి పేరుకుంటుందని మా ఊళ్ళో పాలు తాగే పిల్లకీ తెలుసు. ఆ చలి సెన్సారుక్కూడా తగులుతుందని ఎవరికీ తోచలేదు.

నేను పైకెక్కేసరికి మనిషి ఛాతీ దాకా దిగిపోయాడు. పైన గట్టిగానీ కింద ఇంకా మెత్తనే. బావగారు గునపం పారేసి చేతులు పట్టుకున్నారు, జారిపోయాయి. చొక్కా పట్టుకున్నారు, చిరిగింది. నూనె గడ్డానికి తగిలింది. అక్కగారు పైకొచ్చి, మొగుణ్ణి ఒక్క తన్ను తన్ని పక్కకు తప్పించి, తమ్ముడి జుట్టు రెండు చేతులా పట్టి లాగింది. నేను చంకల కిందుగా తాడు వేశాను. ఆవిడ చేతిలోకి గుప్పెడు జుట్టు ఊడొచ్చింది గాని, మనిషి బయటపడ్డాడు. ఆ నూనె తర్వాత ఏం చేశారో నన్నడక్కండి. నా డబ్బాలు ఆ రోజు వేరే మిల్లులో నింపుకున్నాననే చెబుతాను.

కిందికి దిగాక బావగారు అతన్ని దగ్గరికి తీసుకోబోయారు. ఆయన చెంప పగిలేలా ఒకటి పడింది. ఆయన చెయ్యి పట్టుకోబోతే బావమరిది కొర్రమీనులా జారిపోయి, రెండో చెంప మీద ఇంకోటి ఇచ్చాడు.

"మొదటిది అక్కని తోసినందుకండి. ఇది నన్ను దొంగన్నందుకు," అన్నాడు, నుదుటి నెత్తురు నూనెతో కలిసి కారుతుంటే. "రేపట్నుంచి ట్యాంకులో ఎంతుందో నేను చెబుతానండి. మీరు వినాలి."

బావగారు నోట్లో నెత్తురు ఉమ్మి, చెంప పట్టుకుని, "ఆయ్, అలాగేనండి," అన్నారు.