ఇసుకగాలిలో గంట

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే అందరికంటే ముందు నవ్వేది నేనే. చాలా ఏళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాను. మళ్ళీ చేసి చూపించలేని బగ్‌ని బగ్ అని ఒప్పుకునేదాన్ని కాదు. ఇప్పుడు చెప్పబోయేది నేనూ మళ్ళీ చేసి చూపించలేను. కానీ జరిగింది.

నేనూ మా ఆయన రఘూ శాంటా క్లారా నగరం వదిలి నెవాడా ఎడారిలోకి వచ్చేశాం. ఇక్కడొక పాత మజిలీ ఉంది. ఒకప్పుడు గుర్రపు బళ్ళు, తర్వాత గనుల్లో పనిచేసేవాళ్ళు ఆగిన చోటు. మట్టి ఇటుకల గోడలు, వరండా, చిన్న దుకాణం, వంటగది, బసకు కొన్ని గదులు. నడిపేది డోరతీ. దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళ మనిషి.

ఒక ప్రయాణంలో ఆమె దగ్గర బస చేశాం. తెల్లారి ఆమె గిన్నెలు కడుగుతుంటే నేను తుడిచాను. రఘు కారుతున్న కొళాయి బాగుచేశాడు. “మీరిద్దరూ ఇక్కడే ఉండిపోకూడదూ?” అంది డోరతీ. సరదాకి అందనుకున్నాం. కానీ ఇంటికి చేరేదాకా కార్‌లో అదే మాట్లాడుకున్నాం. సిటిజన్‌షిప్ వచ్చేసింది, వీసా బెంగ లేదు. అబ్బాయి కాలేజీకి వెళ్ళిపోయాడు. ఇంకేం అడ్డం?

“కరివేపాకు అయిపోతే ఏం చేస్తావే సుజాతా?” అని మా ఫ్రెండ్ తెగ దిగులుపడింది. కుండీలో పెంచుతున్నాను. నాకంటే ఏపుగా ఉంది.

ఆ రోజు వసంతకాలం, మధ్యాహ్నం. బసకు ఎవరూ లేరు. పడమటి వైపు ఆకాశం గోధుమరంగుకి తిరిగింది. కిటికీలు మూసేలోపే ఇసుకగాలి మీద పడింది. గాలి హోరు గుయ్యిమని వినిపిస్తుందని డోరతీ అలాంటప్పుడు వినికిడి మిషన్లు తీసి డబ్బాలో పెట్టేస్తుంది. అవి లేకపోతే పక్కన అరిచినా వినపడదు. రఘుతో పేకాట ఆడుతోంది, వరసగా గెలుస్తోంది.

ఉన్నట్టుండి ముక్కలు కింద పెట్టేసి నా వైపు తిరిగింది. నన్ను సూ అనే పిలుస్తుంది. “సూ, నీళ్ళు సిద్ధం చెయ్యి. ఎవరో వస్తున్నారు.”

అప్పుడు విన్నాను. గంట మోగుతోంది.

మా వాకిట్లో స్తంభం మీద పెద్ద ఇనుప గంట ఉంది. ఇసుక లేచినప్పుడు బాటసారులు దారి తప్పకుండా పూర్వం దాన్ని మోగించేవారట. వచ్చిన పిల్లలంతా వాయించి మధ్యాహ్నం కునుకు చెడగొడుతున్నారని డోరతీ దాని లోపలి ఇనుప నాలుకను ఎప్పుడో తీయించేసింది. ఆ నాలుక వంటింటి తలుపు మూసుకుపోకుండా అడ్డంగా పడి ఉంటుంది. గబుక్కున అటు చూశాను. అక్కడే ఉంది.

రఘు మొహం చూస్తే తనకీ వినబడుతోందని తెలిసింది. ముక్కుకి గుడ్డలు కట్టుకుని వరండాలోకి వెళ్ళాం. స్తంభం సంగతి అటుంచి, మెట్లే కనపడటం లేదు. గంట మాత్రం తొందర లేకుండా మోగుతూనే ఉంది.

“ఎవరక్కడ?” అని రఘు తెలుగులోనే అరిచాడు. కంగారులో ఇంగ్లీషు రాలేదు.

“నాన్నా, ఇటు! బెల్ ఇటు!” అని దుమ్ములోంచి ఒక అమ్మాయి గొంతు.

గంటకు కూడా అంత ఉలిక్కిపడలేదు నేను.

ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ముగ్గురొచ్చారు. అమ్మ, నాన్న, మేఘన అనే హైస్కూలు పిల్ల. చివరగా వస్తున్న తల్లి మెట్టు మీద కాలు పెట్టగానే మోత ఆగిపోయింది.

నీళ్ళు తాగాక సంగతి చెప్పారు. తమ ఊరు కాపెల్ నుంచి కార్‌లో వెకేషన్‌కి బయలుదేరారు. ఫోన్‌లో మ్యాప్ మట్టిరోడ్డు చూపించింది. కారు ఇసుకలో దిగబడింది. సిగ్నల్ లేదు. దూరంగా మా ఇంటి కప్పు కనిపిస్తే నడక మొదలుపెట్టారు. సగం దారిలో ఇసుక కమ్మేసింది.

“అసలు వేరే వైపు వెళ్ళిపోతున్నామండీ. గంట వెనకనుంచి వినపడింది. అప్పుడు తిరిగాం,” అన్నాడాయన. భార్య ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఆంటీ, మీరు ఆపేస్తారేమో అని ఐ వాజ్ సో స్కేర్డ్. ఎవరు రింగ్ చేశారు?” అంది మేఘన.

నేను రఘు వంక చూశాను. రఘు వంటింటి తలుపు వంక చూశాడు.

సాయంత్రం గాలి తగ్గాక నిచ్చెన వేసుకుని ఎక్కాడు. గంట లోపల పిట్ట గూడు. అందులో గుడ్లు, ఒక్క పుల్ల కదల్లేదు. పైనుంచి రాయితో తట్టి చూశాడు. టక్‌మంది, అంతే.

డోరతీని అడిగాను. “నన్నడిగితే ఎలా? చెవులు డబ్బాలో పెట్టుకున్నదాన్ని,” అని పగలబడి నవ్వింది. మరి ఎవరో వస్తున్నారని ఎలా తెలిసిందంటే, “అనిపించింది” అంది.

ఆ రాత్రి సాంబారు మేఘన మూడుసార్లు వడ్డించుకుంది. మర్నాడు మా ట్రక్‌తో వాళ్ళ కారు బయటికి లాగి సాగనంపాం.

గాలికే మోగి ఉంటుందంటాడు రఘు. ఆ తర్వాత అంతకంటే పెద్ద గాలులు వచ్చాయి, గంట పలకలేదు. ఎలా మోగిందో నాకు తెలియదు. తెలుస్తుందన్న ఆశా లేదు. ఇసుక లేస్తే ఇప్పుడు నేను చేసేది ఒకటే. కిటికీలు మూసి, ఇంకో రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ కడిగి పెడతాను.