అట్ట కింద సముద్రం

మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, చదువుకున్న బైబిలు ఇప్పుడు నా దగ్గరుంది. బైండింగు ఊడి కాగితాలు జారిపోతున్నాయని మొన్న గవర్నర్‌పేటలో ఒక షాపుకి పట్టుకెళ్ళాను. షాపాయన అటూ ఇటూ తిప్పి చూసి, “రెండ్రోజులు వదిలేసి వెళ్ళండమ్మా” అన్నాడు. వదిలేస్తే మధ్యలో నాలుగు కాగితాలు మాయం కావని ఏమిటి నమ్మకం? “నా ఎదురుగా కుట్టలేరా?” అని అడిగాను. ఆయన నాకేసి కాస్త జాలిగా చూసి, “ముందు పైన అట్టలన్నా ఊడదీసి తీసుకురండి. ఒకదాని మీద ఒకటి ఎన్నేశారో గానీ సూది దిగేట్టు లేదు” అన్నాడు. సరేనని బైబిలు ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాను. బెంజ్ సర్కిల్ దాటి మా వీధి మలుపు తిరిగేదాకా ఆటో అబ్బాయి చుట్టుదారి పట్టాడేమోనని చూస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చి తడిబట్ట, పాత కత్తి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. పైన ప్లాస్టిక్ కవరు, అది మా అమ్మ వేసింది. దాని కింద ఒకదాని కింద ఒకటిగా పాత క్యాలెండర్లు. అవన్నీ మామ్మ చేతివి. బొమ్మ వైపు లోపలికి, తెల్ల వైపు బయటికి పెట్టి, అంచులు మడిచి, మైదాపిండి ఉడికించిన జిగురుతో అతికించేది. నాలుగు అట్టలు ఊడాయి. వాటి కింద మందంగా ఉన్నదాన్ని మూల పట్టుకుని లేపేసరికి లోపల నీలం రంగు కనపడింది. ఏ క్యాలెండరు బొమ్మకీ అంత నీలం ఉండదు. అదేమిటో నాకు తెలిసిపోయింది. కత్తి పక్కన పెట్టేసి, మొత్తం ఊడదియ్యడానికి ధైర్యం చాలక, ఇలా కాగితం కలం ముందేసుకున్నాను.

అనుమానం మా ఇంట్లో వంశపారంపర్యం. బీపీ, షుగరు తర్వాత వచ్చాయి గానీ అది అన్నిటికంటే ముందునుంచీ ఉంది. మా నాన్న తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసేవారు. మామ్మయితే పాలలో వేలు ముంచి గోటి మీద బొట్టు నిలిచిందో లేదో చూసి గానీ గిన్నెలో పోయించుకునేది కాదు. జీవితమంతా మిషను తరఫున ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. దేవుణ్ణి తప్ప ఎవర్నీ నమ్మేది కాదు. పామర్రులో చర్చి పక్క పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. రెండు కళ్ళకీ శుక్లాలు. మనుషుల్ని అడుగుల చప్పుడుతో, కాగితాల్ని వేళ్ళతో తడిమి గుర్తుపట్టేది.

నేను విజయవాడలో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పటి మాట. డెబ్బై మూడు డిసెంబరు. క్రిస్మస్ సెలవులిచ్చే ముందు మా సోషల్ టీచరు గారు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఇద్దరిద్దరు జట్టు కట్టి, ప్రపంచం చుట్టి వచ్చినట్టు ఊహించుకుని, ఏ దారిన వెళ్తారు, ఏమేం ఎక్కుతారు, ఏం తింటారు, ఎక్కడెక్కడ ఆగుతారు, అంతా రాసుకురావాలి. బడి మొత్తానికీ పెద్ద అట్లాసు ఒక్కటే. దాని వెనక అట్టకున్న జేబులో మడత పెట్టిన ప్రపంచ పటం ఒకటుండేది. ఒకవైపే అచ్చు, వెనక తెల్లగా, గుడ్డలాగా గట్టి కాగితం. క్లాసు లీడర్ని కాబట్టి సెలవులకి అది నాకిచ్చారు. “గీతలు గియ్యకూడదు. చిరగకూడదు. నీ పూచీ” అన్నారు టీచరు గారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ క్లాసులో నలభై మందీ దాని మీద కన్నేశారనే నాకనిపించింది.

నా జట్టు, నా బెంచీలో కూర్చునే హాస్టలు పిల్ల. వాళ్ళది నాగాయలంక, చేపలు పట్టే కుటుంబం. హాస్టల్లో అందరూ ఆ పిల్లని ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళు. వాళ్ళింట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. ఎవర్నీ అనుమానించడం తెలియదు. ఆ సంగతే నాకు అనుమానంగా ఉండేది.

సెలవులివ్వగానే ఇద్దరం ఒకే బస్సెక్కాం. పామర్రు దాటే కదా నాగాయలంక వెళ్ళాలి! మామ్మ దగ్గర దిగి, ఒకరోజు ఉండి, ప్రాజెక్టు చేసుకుని, మర్నాడు తను ఊరికి వెళ్ళేట్టు మాట. మామ్మ ఇంట్లో గోడకున్న మేకు ఒకటే. దానికి ఆ ఏటి క్యాలెండరు వేలాడుతోంది. దాన్ని తీసి మంచం కిందికి తోసి, పటానికి దారం కట్టి మేకుకి తగిలించాం. గీతలు గియ్యకూడదు కదా అని నేను ఆలోచిస్తూంటే తను మామ్మ కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తీసి, గంజిలో ముంచి, పటం మీద దారి పొడుగునా అంటించేసింది. “తరవాత తడిగుడ్డెట్టి తీసెయ్యొచ్చులే” అంది. వలలు బాగుచేసే ఇంటి పిల్ల. దారం ఆ వేళ్ళ మాట వినేది.

దారి దగ్గర మాత్రం పేచీ వచ్చింది. నేను గన్నవరంలో విమానం ఎక్కుదామన్నాను. తను వాళ్ళ ఊళ్ళో పడవ ఎక్కుదామంది. “మా ఊరి కాడే కిష్ణ సముద్రంలో కలిసేది. ఆడనించి ఏ దేశానికైనా నీళ్ళే కదే! మళ్ళీ టికెట్టెందుకు?” అని వాదన. చివరికి ఓడ దారి తను, దిగిన ఊళ్ళ సంగతి నేను రాసేట్టు పంచుకున్నాం. తన కాగితాల్లో గాలి ఎటునుంచి వీస్తుంది, ఏ చేప ఎక్కడ దొరుకుతుంది, వాంతులైతే ఏం నమలాలి అని ఉండేది. నా కాగితాల్లో ప్రతి దేశం కిందా జాగ్రత్తలే. లండన్‌లో జేబుదొంగలు. ఈజిప్టులో ఒంటెవాడు ముందు ఒక మాట చెప్పి ఎక్కాక ఇంకో మాట చెప్తాడు. జపాన్‌లో ఏం కూర పెడుతున్నారో అడిగి తినాలి. పాస్‌పోర్టు దాచుకోవడానికి లంగా లోపలివైపు జేబు కుట్టించుకోవాలని బొమ్మ కూడా వేశాను. లోకమంతా నన్ను మోసం చెయ్యడానికి వరసగా నిలబడి ఉన్నట్టే రాశాను తప్ప, ఏ దేశంలోనూ చూడదగ్గది ఒక్కటీ రాయలేదు.

సాయంత్రం తను పటం ముందు చాలాసేపు నిలబడి, “ఒక్క రోజు ఇత్తావా? మా అయ్యకి సూపించి తెచ్చేత్తా. రోజూ ఎళ్ళే సముద్రం ఎంతుంటదో ఆయనెప్పుడూ సూళ్ళేదు” అని అడిగింది. నేను ఇవ్వనన్నాను. తను మళ్ళీ అడగలేదు. పొద్దున్నే సంచీ తగిలించుకుని మొదటి బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అమ్మానాన్నలు వచ్చారు. పండగ, కొత్త బట్టలు, కేరల్స్ అంటూ వీధులన్నీ తిరగడం, చర్చిలో పాటల రిహార్సలు. ప్రపంచం సంగతి నాకు గుర్తే లేదు. కొత్త సంవత్సరం వెళ్ళాక విజయవాడ తిరిగి వెళ్ళడానికి సర్దుకుంటూ అట్లాసు జేబు తెరిచాను. ఖాళీ. పటం మడిచి జేబులో పెట్టానా, లేదా? పెట్టాననే అనిపించింది. కాసేపటికి పెట్టినట్టు కళ్ళకి కనపడింది కూడా. ఎర్రదారం తీసినట్టు, తడిగుడ్డతో తుడిచినట్టు, ఆరబెట్టినట్టు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇంకా కాసేపటికి, నేను అటు తిరిగి ఉన్నప్పుడు ఆ పిల్ల అట్లాసు తెరిచినట్టు కూడా గుర్తొచ్చింది. అనుమానానికి జ్ఞాపకాలు అల్లడం ఇంత బాగా వచ్చని నాకప్పుడు తెలియదు.

“నా పుస్తకాలు ఎవరైనా ముట్టుకున్నారా మామ్మా?” అని అడిగాను. “నీ పుస్తకాల జోలికి నేనెందుకొస్తానే?” అంది మామ్మ. అది నిజం. మేకుకి కొత్త క్యాలెండరు వేలాడుతోంది. పాత క్యాలెండరు మంచం కింద దుమ్ములో అలాగే పడుంది. ఏటేటా డిసెంబరు ఆఖరున ఆ మేకుకున్నది తీసి బైబిలుకి అట్ట వెయ్యడం మామ్మ అలవాటని ఇంట్లో అందరికీ తెలుసు. ఈసారి కొత్త అట్ట పడింది, పాత క్యాలెండరేమో ఇక్కడే ఉంది, మరి ఆ అట్ట దేనితో వేసినట్టు? లోకంలో అన్నిటినీ అనుమానించిన దాన్ని ఆ ఒక్కదాన్నీ అనుమానించలేదు.

సంగతి చెప్పగానే మామ్మ అంది: “ఆ పిల్ల సంచీ వెళ్ళేటప్పుడు చూశావా? చూడలేదూ? అదీ!” మళ్ళీ తనే అంది, “ఊరికే ఒకళ్ళని అనకూడదు. పటం లోపల పెట్టానని ప్రమాణం చెయ్యి.” బైబిలు నా ముందుకి జరిపింది. తెల్లటి కొత్త అట్ట. ఇంకా మైదా వాసన వస్తోంది. దాని మీద అరచెయ్యి ఆనించి, “పెట్టాను” అన్నాను. చేతికింద కాగితం గట్టిగా, చల్లగా ఉంది. “ఈసారి అట్ట బాగా కుదిరిందే. పదేళ్ళకీ చెక్కుచెదరదు” అని మామ్మ మురిసిపోయింది కూడా.

మామ్మ మా మిషను హాస్టలు వార్డెను గారికి చీటీ రాయించింది. అంత పెద్దావిడ మాటకి ఎదురు లేదు. చేపల వాళ్ళ పిల్ల అనగానే వార్డెను గారికి రుజువు కూడా అక్కర్లేకపోయింది. అందరి ముందూ ట్రంకు పెట్టె తెరిపించారు. రెండు జతల బట్టలు, ఎండు రొయ్యల పొట్లం, ప్రాజెక్టు కాగితాలు, అంతే. దొరకలేదు కాబట్టి ఇంటి దగ్గర దాచిందన్నారు. తెచ్చి ఇస్తేనే హాస్టల్లో ఉండాలన్నారు. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? వారానికి వాళ్ళ నాన్న వచ్చాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడి, “మా పిల్ల తియ్యదండమ్మా” అన్నాడు. హాస్టలు పోతే చదువు పోయినట్టేనని ఆయనకీ తెలుసు, వార్డెను గారికీ తెలుసు, నాకూ తెలుసు.

వెళ్ళేముందు తను నా దగ్గరకొచ్చి ఓడ దారి రాసిన కాగితాలు ఇచ్చింది. “నీ దాంట్లో కలిపెట్టుకో. ఇద్దరిదీ కదా” అంది. ఎందుకింత మంచిగా ఉంది, తప్పు చేసినందుకే అనుకున్నాను. ఆ కాగితాలన్నీ నా చేతిరాతలోకి ఎత్తి, నా ఒక్కదాని పేరు పెట్టి ఇచ్చాను. క్లాసులో మొదటిది నాదే. “ఓడ సంగతులు చాలా బాగా రాశావు” అన్నారు టీచరు గారు. థాంక్సండీ అన్నాను.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. కృష్ణా జిల్లా వాళ్ళకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. నేనప్పుడు ఇంటర్మీడియెట్. రేడియోలో నాగాయలంక పేరు వస్తే కట్టేసేదాన్ని. తను పోయే ఉంటుందనుకున్నాను. తిరిగి పంపింది మేమే కదా అని ఏడ్చాను కూడా. ఎవరినైనా అడిగి తెలుసుకుందామంటే ధైర్యం చాలలేదు.

రెండేళ్ళ తర్వాత పామర్రు బస్టాండులో ఎండు చేపల గంప పక్కన నవ్వుతూ కనపడింది. ఆ కళ్ళు మూసుకుపోవడం చూసి గుర్తుపట్టాను. బతికే ఉంది! పరుగెత్తుకెళ్ళి చేతులు పట్టుకున్నాను. వాళ్ళ నాన్న ఉప్పెనలో పోయాడని చెప్పింది. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. అప్పుడడిగింది: “అవునూ, ఆ మ్యాపు దొరికిందా?”

ఒక్క క్షణంలో నా చేతులు వెనక్కి వచ్చేశాయి. ఎంత ధైర్యం, తీసిందీ తనే, అడిగేదీ తనే అనుకున్నాను. “లేదు” అన్నాను, పొడిగా. “అయ్యో! మరి టీచరు గారు నిన్నేమన్నా అన్నారేటి? నీ పూచీ అన్నారు గందా. నాకదే బెంగగా ఉండేది” అంది. ఎంత నటన అనుకుంటూ బస్సెక్కేశాను. కిటికీలోంచి వెనక్కి చూడలేదు. మళ్ళీ ఎప్పుడూ కనపడలేదు.

ఇంతవరకు రాసి, లేచి వెళ్ళి అట్ట మొత్తం ఊడదీశాను. మామ్మ పటం చుట్టూ నాలుగువేళ్ళ మేర కత్తిరించేసింది. అమెరికా సగం లేదు. బంగాళాఖాతం మాత్రం నిన్న అచ్చు వేసినంత నీలంగా ఉంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట మొదలుపెట్టి ఎర్రదారం అలాగే అంటుకుని ఉంది. తీశాననీ, తుడిచాననీ నమ్మి, మడిచి పెట్టానని ఇదే పుస్తకం మీద చెయ్యి వేసి చెప్పాను. ఆదివారం ఆదివారం మామ్మ చంకలో చర్చికి వెళ్ళింది ఇదే. మామ్మ పోయినప్పుడు శవపేటిక దగ్గర నేను గుండెకి హత్తుకుని నిలబడిందీ ఇదే. దారాన్ని వేలితో తడిమాను. గంజి గట్టిపడి, లాగినా రావడం లేదు.

ఆ పిల్ల ఉందో లేదో తెలియదు. ఉంటే నాకులాగే అరవై దాటి ఉంటాయి. దొరికిందని చెప్పాలి. అంతకంటే ముందు చెప్పాల్సింది ఇంకొకటుంది, దానికి మాట కుదరడం లేదు. భూమి చుట్టి రావడానికి నూట పది రోజులు చాలని అప్పుడు లెక్క వేశాం. పామర్రు నుంచి నాగాయలంకకి బస్సులో రెండు గంటలు. యాభై ఏళ్ళు గడిచినా నాకు ఆ దారి ఇంకా మొదలవ్వలేదు.