తుంటి ఎముక వియ్యంకుడికి, సైటు అల్మాటీకి

మా కొండల ఊరు కొచ్కోర్‌లో చదివినవాడి మాట కంటే వియ్యంకుడి మాటకు బరువెక్కువ. బురుల్‌కాన్ ఎజే మొదటి వెబ్‌సైటు ఆ బరువు కిందే నలిగి చచ్చింది.

ఎజే అంటే ఊరందరికీ అక్కే. యాభై మూడేళ్ళు. మరో పదకొండు మంది ఆడవాళ్ళతో కలిసి ఉన్ని తొక్కి, రంగులు వేసి, షిర్దాక్ తివాచీలు కుడుతుంది. ఇన్నేళ్ళూ దళారులు వచ్చి ఇచ్చినంత ఇచ్చి ఎత్తుకుపోయేవారు. నేరుగా అమ్ముకుందామని ఆమె సైటు పెట్టించింది. దాన్ని నిలిపి ఉంచే పని మాత్రం, కూతురి మామగారు జొల్దోష్ తన చిన్న కొడుకు ఎర్మెక్‌కు ఇప్పించాడు. ఎర్మెక్ సర్వర్ అంటే రాజధాని బిష్కెక్‌లో అద్దె గదిలో మంచం కింద తోసిన పాత కంప్యూటరు. డిసెంబరులో కరెంటు పోతే మూడు రోజులు సైటు కనిపించలేదు.

"నిద్రపోతోంది ఎజే, లేస్తుందిలే," అన్నాడు ఎర్మెక్.

ఫిబ్రవరిలో బెర్లిన్ నుంచి ఒక దుకాణం వాళ్ళు రాశారు. మార్చి పదిహేనున అందరూ కూర్చుని సైటు చూస్తారట. నచ్చితే ఏడాది పొడుగునా పని. కనిపించకపోతే పక్క ఊరివాళ్ళకు పోతుంది.

నేను కాలేజీ మొహం చూసినవాణ్ణి కాను. నాకు తెలిసిందంతా అట్టలూడిన రష్యన్ కంప్యూటరు పుస్తకాల్లోంచి ఏరుకున్నదే. అందుకే ఊళ్ళో నన్నెవరూ ఏమీ అడగరు. ఆమె అడిగింది. సైట్లను తమ యంత్రాల్లో అద్దెకు నిలిపి ఉంచే మూడు హోస్టింగ్ కంపెనీల వివరాలు రాసి ముందు పెట్టాను.

"తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది. ఇదేమిటి?"

"నూటికి అంత సమయం సైటు తెరిచి ఉంటుందని మాటివ్వడం, ఎజే. అంటే ఏడాదిలో ఓ తొమ్మిది గంటలు మూతపడొచ్చు."

"ఆ తొమ్మిది గంటలూ పదిహేనో తారీఖున రావని రాసిచ్చారా?"

రాసివ్వలేదు.

ఉన్ని కొనేటప్పుడు ఆమె బస్తా పైభాగం చూడదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి నడిమధ్య నుంచి గుప్పెడు లాగుతుంది. కంపెనీలనూ అలాగే చూసింది. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యమంది. మొదటి కంపెనీలో అరగంట సేపు పాట మోగిందే తప్ప ఎవరూ ఎత్తలేదు. రెండోది అన్నిటికన్నా చవక. సైటు నకలు ఎక్కడ దాస్తారని అడిగితే, అదే యంత్రంలో అన్నాడు ఫోన్ ఎత్తినతను.

"కొట్టం తగలబడితే ఆవూ పోతుంది, దూడా పోతుంది కదా నాయనా," అని ఫోన్ పెట్టేసింది.

మూడోది సరిహద్దు అవతలి అల్మాటీ నగరానిది. ఎత్తినావిడ పేరు దనగుల్.

"మీది ఎప్పుడైనా ఆగిందా, అమ్మా?"

"జనవరిలో నలభై నిమిషాలు ఆగింది. తప్పు మాదే. ఎందుకు ఆగిందో మా సైటులో రాసి పెట్టాం, చదవండి."

ఎజే నా వైపు తిరిగింది. "అమ్మే మనిషి తప్పు ఒప్పుకోవడం ఇదే చూడ్డం. ఓ నెల వాడి చూద్దాం."

సైటు అక్కడికి మార్చాను. మర్నాడే "చెరిపెయ్" అంది.

"ఏం చెరపను?"

"అంతా. గుర్రం కొనేవాడు ఎక్కి చూడడూ?"

చెరిపాను. దనగుల్‌కు ఫోన్ చేశాం. పంతొమ్మిది నిమిషాల్లో తివాచీలన్నీ ఎక్కడివక్కడ వచ్చి కూర్చున్నాయి.

సంగతి తెలిసి జొల్దోష్ వచ్చాడు. వియ్యంకుడు అలిగి లేచి వెళ్ళిపోతే ఆ సెగ కూతురి కాపురానికి తగులుతుంది. ఎజే గొర్రెను కోయించి నలుగురినీ పిలిచింది. తుంటి ఎముక ఎవరి ముందు పెడితే ఆ పూట వాళ్ళే పెద్ద. ఆమె దాన్ని తన చేత్తో ఆయన పళ్ళెంలో పెట్టింది.

"మావాణ్ణి పక్కన పెట్టావట కుదాగియ్. నలుగురిలో తలెలా ఎత్తుకోను?" అన్నాడు. మాలో కుదాగియ్ అంటే వియ్యపురాలు, కుదా అంటే వియ్యంకుడు.

"నలుగురిలోనే తుంటి ఎముక పెట్టాను కుదా. నీ గౌరవం నీ పళ్ళెంలో ఉంది. సైటు మీద పన్నెండిళ్ళ పొయ్యిలు వెలగాలి. దాన్ని మంచం కిందకు తొయ్యలేను."

ఆయన ఎముక వంక చూశాడు. తినకపోతే ఇంటిని అవమానించినట్టు. తింటే ఇక అలగడానికి లేదు. చాకు తీసి కోసుకున్నాడు.

మార్చి పదిహేనున మంచు కురిసింది, కరెంటు పోయింది. పన్నెండు మందీ పొయ్యి చుట్టూ చేరారు. నా ఫోన్‌లో నిమిషానికోసారి సైటు తెరిచి చూపిస్తున్నాను. తెరుచుకుంటూనే ఉంది. మధ్యాహ్నం మూడున్నరకు బెర్లిన్ వాళ్ళ మెయిలు వచ్చింది. అరవై తివాచీలు కావాలట. దళారి ఇచ్చేదానికి నాలుగింతల ధర. ఒకావిడ కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివాను.

అంతలో ఎజే ఫోన్ మోగింది. జొల్దోష్.

"కుదాగియ్, బిష్కెక్‌లోనూ కరెంటు లేదు. మావాడి ఖాతాదారులు వాణ్ణి తిట్టిపోస్తున్నారు. ఆ అల్మాటీ ఆవిడ నంబరు కాస్త..."

"ఇస్తాను కుదా. స్వయంగా వచ్చి అడుగు. కాకపోతే ఈసారి తుంటి ఎముక మా ఆడవాళ్ళకు. పెద్దలకు పెట్టని మెడ ముక్క నీకు."

పొయ్యి చుట్టూ నవ్వులు. అవతల ఆయనా నవ్వాడు. అప్పటికి నా ఫోన్‌లో మూడు శాతం బ్యాటరీ మిగిలింది. సైటు తెరిచే ఉంది.