ఏటి మధ్య ఒంటికాలు

ఏటి మధ్యలో, పాత రైలు వంతెన పక్కన, ఒక్కటంటే ఒక్క స్తంభం నిలబడి ఉండేది. దాని మీద వంతెన లేదు, కొంగలున్నాయి. రెండో లైను వేస్తామని ఒకప్పటి ప్రభుత్వం ఒక ఏడాదికి డబ్బిచ్చింది, మరుసటి ఏడాది ఆ ఊసే మరిచిపోయింది. జనం దానికి ఒంటికాలని పేరు పెట్టారు. అక్కడితో ఆగారా? కట్టిన మేస్త్రీకీ అదే పేరు తగిలించారు. "ఒంటికాలు మేస్త్రీ" అని పిలిస్తే ఆయన నవ్వేసేవాడు. రైలెక్కితే మాత్రం ఆ వైపు కిటికీ దగ్గర కూర్చునేవాడు కాదు.

ఆయన కూతురు రైల్వే ప్రణాళికా విభాగంలో ఇంజినీరు. ఆఫీసులో చాటుగా ఆమెను మొండిఘటం అంటారు. అబద్ధమేమీ కాదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఒకటే పోరు, ఆ వంతెన పూర్తి చేయాలని. ఉన్నది ఒక్కటే లైనాయె, ఒక బండి ఏరు దాటుతుంటే అవతలి గట్టున ఇంకో బండి పడిగాపులు కాయాల్సిందే. ఎందరు అధికారుల గుమ్మాల ముందు ఆమె చెప్పులరిగాయో లెక్కలేదు.

చివరికి ఆర్థికాధికారి సమావేశానికి పిలిచి చల్లగా చెప్పాడు.

"ఈ ఏడాదికి నిధులిస్తున్నామమ్మా. వచ్చే నెల్లోనే పని మొదలుపెట్టేయండి."

"మరి పై ఏడాది సంగతేంటి సార్?"

"అది పై ఏడాది చూద్దాం."

గదిలో అందరి మొహాలూ వెలిగిపోయాయి. ఆమె మాత్రం చేతిలోని కలం పక్కన పెట్టింది. నాన్నకు ఎనభై దాటాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇప్పుడు సరేనంటే ఆ స్తంభం పక్కన క్రేను లేవడం కళ్ళారా చూస్తాడు. కానీ ఒక ఏడాది డబ్బుతో ఏం లేస్తుంది? ఇంకో ఒంటికాలు లేస్తుంది.

"వద్దు సార్," అంది. "పూర్తయ్యేదాకా ఏ ఏడాదికెంతో ఒకే ఉత్తర్వులో రాసివ్వండి. అంతవరకూ ఈ డబ్బు పాత వంతెన మరమ్మతులకి వాడుకోనివ్వండి."

పక్కనే ఉన్న ఆమె పై అధికారి గొంతు సవరించుకున్నాడు. ఆమె అటు చూస్తేగా.

"డబ్బొద్దనే వాళ్ళని ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు ఆర్థికాధికారి. "మీరడిగింది తేలాలంటే రెండేళ్ళు పడుతుంది. అప్పటికి మీరుంటారా?"

"రిటైరైపోతాను. మీరు రాయండి సార్."

ఆ సాయంత్రం తండ్రి పక్కన కూలబడింది. "పని మొదలయ్యేది నాన్నా. నేనే ఆపేశాను."

"ఒక్క ఏడాదికే ఇస్తామన్నారా?"

"అవును. నువ్వు చూస్తావని ఎంత ఆశపడ్డానో. ఇక రెండేళ్ళు ఆగాలి."

"మంచి పని చేశావమ్మా," అన్నాడాయన.

తర్వాతి వారం ఆసుపత్రికని ఇద్దరూ రైలెక్కారు. మేస్త్రీ తనంతట తనే ఆ వైపు కిటికీ దగ్గరికి జరిగాడు. బండి వంతెన మీదికొచ్చాక ఒంటికాలును కింది నుంచి పైదాకా తేరిపార చూశాడు.

"పునాది గట్టిగా వేశాంలే. రెండేళ్ళు కాదు, ఇరవయ్యేళ్ళైనా ఆగుతుంది," అన్నాడు.

అది ఆగింది. అన్ని ఏళ్ళకీ కలిపి ఉత్తర్వు కూడా వచ్చింది. ఆయనే ఆగలేదు.

కొత్త లైను మీద తొలి బండికి మొండిఘటం అందరిలాగే టిక్కెట్టు కొనుక్కుని ఎక్కింది. పైన బండిలో కూర్చున్నవాళ్ళకు కింది స్తంభాలు కనపడవు. అయినా బండి నాన్న కట్టినదాని మీదికి రాగానే ఆమెకు తెలిసిపోయింది.